మట్టి బరువు ఒక ఖాతా, నీటి ఒత్తిడి మరో ఖాతా: పొరల నేలలో నిలువు స్ట్రెస్ లెక్క

నేలలో 9 మీటర్ల లోతున నిలువు స్ట్రెస్ ఎంత అని అడిగితే ఒక్క అంకె చెప్పి ఊరుకోకూడదు. లెక్కగట్టాల్సినవి రెండు, వాటి నుంచి వచ్చేది మూడోది. ఆ లోతుకు పైనున్న మట్టి, నీరు, కట్టడం అన్నీ కలిసి ఒక చదరపు మీటరు మీద మోపే బరువు టోటల్ స్ట్రెస్. రేణువుల మధ్య ఖాళీల్లో ఉన్న నీటి ఒత్తిడి పోర్ ప్రెషర్. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది ఎఫెక్టివ్ స్ట్రెస్. రేణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నొక్కుకుంటున్నాయో చెప్పేది ఇదే. నేల బలమూ, నేల కుంగడమూ దీని మీదే ఆధారపడతాయి. సాయిల్ మెకానిక్స్‌కు ఆద్యుడైన ఇంజినీరు కార్ల్ టెర్జాగీ 1920లలో ఈ సంగతి తేల్చాక మట్టి గుణాలను లెక్కల్లో సరిగ్గా పట్టుకోవడం సాధ్యమైంది.

తీసివేతలో ఎవరూ తప్పరు. తప్పేది దానికి ముందే, రెండు అంకెలనూ విడివిడిగా కట్టకుండా అడ్డదారిన మూడోదానికి పోయేటప్పుడు. ఆ అడ్డదారి పేరు సబ్‌మర్జ్‌డ్ (నీట మునిగిన) యూనిట్ వెయిట్; యూనిట్ వెయిట్ అంటే ఒక ఘనపు మీటరు బరువు, కిలోన్యూటన్లలో. నీటి కింద మట్టికి, సాచురేటెడ్ (నీటితో పూర్తిగా నిండిన) యూనిట్ వెయిట్‌లోంచి నీటి యూనిట్ వెయిట్ 9.81 ముందే తీసేసి, ఆ మిగులుతో లోతును గుణిస్తూ పోవడం. నీరు కదలకుండా ఉన్నంతవరకు ఇది సరిగ్గానే పనిచేస్తుంది. నీరు కదిలిన చోట మాత్రం తప్పు జవాబు ఇస్తుంది, పైగా ఆ జవాబు చూడ్డానికి సవ్యంగానే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

యూనిట్ వెయిట్లు ఎక్కడి నుంచి వస్తాయి

ఒక ఘనపు మీటరు మట్టి బరువు కిలోన్యూటన్లలో ఎంతో అదే యూనిట్ వెయిట్. నీటిమట్టానికి పైన బల్క్ యూనిట్ వెయిట్ వాడాలి, అంటే మట్టి ఉన్న తేమతో సహా. ఎండబెట్టిన మట్టిది కాదు. పై పొర కంటికి పొడిగా కనిపించినా కాస్తో కూస్తో తేమ ఉంటుంది. నీటిమట్టానికి కింద సాచురేటెడ్ యూనిట్ వెయిట్ వాడాలి.

ల్యాబ్ రిపోర్టులో అన్నీ ఉండవు. వాయిడ్ రేషియో (ఖాళీల ఘనపరిమాణం రేణువుల ఘనపరిమాణానికి ఎన్నో వంతో), ఘనరేణువుల స్పెసిఫిక్ గ్రావిటీ (రేణువులు నీటికి ఎన్ని రెట్లు బరువో), తేమ శాతం (నీటి బరువు రేణువుల బరువులో ఎంత శాతమో) తెలిస్తే మిగతావి రాబట్టుకోవచ్చు. పొడి యూనిట్ వెయిట్ కావాలంటే స్పెసిఫిక్ గ్రావిటీని 9.81తో గుణించి, ఒకటికి వాయిడ్ రేషియో కలిపిన మొత్తంతో భాగించాలి. దాన్ని ఒకటికి తేమ కలిపిన మొత్తంతో గుణిస్తే బల్క్ వస్తుంది. సాచురేటెడ్ కోసం స్పెసిఫిక్ గ్రావిటీకి వాయిడ్ రేషియో కలిపి, 9.81తో గుణించి, మళ్లీ ఒకటికి వాయిడ్ రేషియో కలిపిన మొత్తంతోనే భాగించాలి. ఉదాహరణకు ఒక ఇసుకకు స్పెసిఫిక్ గ్రావిటీ 2.65, వాయిడ్ రేషియో 0.59, తేమ 4 శాతం అనుకుందాం. పొడిది 16.35, బల్క్ 17.0, సాచురేటెడ్ 20.0 వస్తాయి.

బంకమట్టి దగ్గర ఇంకో తనిఖీ చేతిలో ఉంది. నీటితో పూర్తిగా నిండిన మట్టిలో తేమను స్పెసిఫిక్ గ్రావిటీతో గుణిస్తే వాయిడ్ రేషియో రావాలి. తేమ 38.4 శాతం, స్పెసిఫిక్ గ్రావిటీ 2.70 అయితే వాయిడ్ రేషియో 1.04 దరిదాపుల్లో ఉంటుంది, సాచురేటెడ్ యూనిట్ వెయిట్ 18. రిపోర్టులో తేమ 38 శాతమని ఉండి యూనిట్ వెయిట్ 20.5 అని ఉంటే ఆ రెండింటిలో ఒకటి తప్పు. శాంపిల్ దారిలో ఆరిపోయిందో, ట్యూబులో నలిగిందో, అంకె ఎక్కించేటప్పుడు పొరబడ్డారో కనుక్కోకుండా ముందుకు పోకూడదు.

యూనిట్ల సంగతి ఒక్కమాటలో: ఘనపు మీటరుకు 2000 కిలోలు అని రాసి ఉంటే అది సాంద్రత. దాన్ని 9.81తో గుణించి వెయ్యితో భాగిస్తే 19.62 కిలోన్యూటన్లు. చదరపు మీటరుకు ఒక కిలోన్యూటన్ అంటే ఒక కిలోపాస్కల్.

లెక్క నడిచే తీరు

నేల మట్టం నుంచి 4 మీటర్ల దాకా పైన చెప్పిన ఇసుకే. 4 నుంచి 9 మీటర్ల దాకా బంకమట్టి, సాచురేటెడ్ 18. 9 నుంచి 12 దాకా గట్టి గులక ఇసుక, సాచురేటెడ్ 21. నీటిమట్టం 2 మీటర్ల లోతున ఉంది, నీరు నిలకడగా ఉంది.

ముందుగా గీతలు పెట్టుకోవాలి. మట్టి మారిన ప్రతిచోటా ఒక గీత, నీటిమట్టం దగ్గర ఒక గీత. ఇక్కడ నీటిమట్టం ఇసుక పొర మధ్యలో ఉంది కాబట్టి ఆ ఒక్క ఇసుక లెక్కలో రెండు పొరలవుతుంది: పై 2 మీటర్లు 17తో, కింది 2 మీటర్లు 20తో. ఈ గీత మరచిపోవడం చాలా మామూలు. నాలుగు మీటర్లకూ 17 వేస్తే 4 మీటర్ల దగ్గర ఎఫెక్టివ్ స్ట్రెస్ 11 శాతం తగ్గి కనిపిస్తుంది, అన్నిటికీ 20 వేస్తే 11 శాతం పెరుగుతుంది.

టోటల్ స్ట్రెస్: 2 మీటర్ల దగ్గర 2 × 17 = 34. 4 మీటర్ల దగ్గర 34 + 2 × 20 = 74. 9 మీటర్ల దగ్గర 74 + 5 × 18 = 164. 12 మీటర్ల దగ్గర 164 + 3 × 21 = 227.

పోర్ ప్రెషర్ కోసం లోతును నీటిమట్టం నుంచి కొలవాలి, నేల మట్టం నుంచి కాదు. మట్టి ఏదన్నది ఇక్కడ అనవసరం.

2 మీ.: టోటల్ 34, పోర్ ప్రెషర్ 0, ఎఫెక్టివ్ 34
4 మీ.: టోటల్ 74, పోర్ ప్రెషర్ 19.62, ఎఫెక్టివ్ 54.38
9 మీ.: టోటల్ 164, పోర్ ప్రెషర్ 68.67, ఎఫెక్టివ్ 95.33
12 మీ.: టోటల్ 227, పోర్ ప్రెషర్ 98.10, ఎఫెక్టివ్ 128.90

అన్నీ కిలోపాస్కల్‌లలో. ఈ మూడింటినీ లోతుకు ఎదురుగా గీసి చూడండి. పొర మారిన చోట గీత వాలు మారుతుంది గానీ, గీత ఎక్కడా తెగి పక్కకు దూకదు. దూకితే లెక్కలో ఎక్కడో తప్పు పడిందన్నమాట.

అడ్డదారిన పోయినా ఇక్కడ అదే జవాబు వస్తుంది: 34 + 2 × 10.19 + 5 × 8.19 = 95.33. నీరు నిలకడగా ఉంది కాబట్టి. అయితే ఈ దారిన వచ్చినవాళ్లే తరచూ ఇంకో గోతిలో పడతారు. సబ్‌మర్జ్‌డ్ యూనిట్ వెయిట్ వేసి, ఆపైన అలవాటుగా పోర్ ప్రెషర్ కూడా తీసేస్తారు. నీటిని రెండుసార్లు తీసినట్టు. 95.33 కాస్తా 26.66 అవుతుంది. దీన్ని పట్టడం తేలికే: నిలకడ నీటి కింద మామూలు మట్టిలో ఎఫెక్టివ్ స్ట్రెస్ మీటరుకు దాదాపు 8 నుంచి 11 చొప్పున పెరగాలి. పెరగకపోగా తగ్గుతుంటే రెండుసార్లు తీసినట్టే.

నీటిమట్టం పైకీ కిందికీ కదిలితే

వానలకు నీరు నేల మట్టం దాకా వచ్చిందనుకుందాం. పై 2 మీటర్ల ఇసుక కూడా నీటితో నిండి 20కి చేరుతుంది. 9 మీటర్ల దగ్గర టోటల్ 164 నుంచి 170కి పెరుగుతుంది, పోర్ ప్రెషర్ 88.29 అవుతుంది, ఎఫెక్టివ్ 81.71కి పడిపోతుంది. బరువు పెరిగింది, రేణువుల మధ్య నొక్కుడు తగ్గింది. తగ్గుదల 13.62, అదే తగ్గుదల 4 మీటర్ల దగ్గరా, 12 మీటర్ల దగ్గరా ఉంటుంది. ఎందుకంటే మార్పంతా ఆ పై 2 మీటర్లలోనే: 17 స్థానంలో 10.19 వచ్చింది.

అక్కడి నుంచి నీరు నేల మీద ఇంకా పది మీటర్లు నిలిచి చెరువైతే? ఇక మార్పేమీ ఉండదు. టోటల్ 98.1 పెరుగుతుంది, పోర్ ప్రెషరూ అంతే పెరుగుతుంది. నాలుగు వేల మీటర్ల సముద్రం అడుగున కూడా పై బురద మెత్తగానే ఉండటానికి కారణం ఇదే. చెరువు లోతు చూసి అడుగు మట్టి గట్టిపడి ఉంటుందనుకోవడం పొరపాటు.

నీరు దిగితే కథ తిరగబడుతుంది. నీటిమట్టం 4 మీటర్లకు దిగి, ఖాళీ అయిన ఇసుక 17కు వచ్చిందంటే చివరికి 9 మీటర్ల దగ్గర ఎఫెక్టివ్ 108.95 అవుతుంది. పైన ఒక్క ఇటుక పెట్టకుండానే బంకమట్టి మీద 13.62 కిలోపాస్కల్ కొత్త భారం పడ్డట్టు. పక్క స్థలంలో పునాది తవ్వుతూ నీళ్లు తోడితే ఇవతలి ఇంటి గోడలు పగలడం ఈ లెక్క ప్రకారమే.

అడుగు పొరలో నీరు వేరే మాట చెబితే

ఇంతదాకా నీరంతా ఒకే మట్టానికి కట్టుబడి ఉందనుకున్నాం. పొరల నేలలో చాలాసార్లు అలా ఉండదు. పై ఇసుకలోని నీటికీ, అడుగు గులక ఇసుకలోని నీటికీ మధ్య బంకమట్టి అడ్డుగా ఉంటుంది. అడుగు పొరకు నీరు ఎక్కడో ఎత్తైన చోటు నుంచి వస్తూ ఉండొచ్చు. దాంట్లోకి పైపు దింపితే నీరు నేల మట్టానికి 2 మీటర్లు పైకి లేచిందనుకుందాం. ఇది ఆర్టీసియన్ పరిస్థితి.

మట్టి బరువు మారలేదు, 9 మీటర్ల దగ్గర టోటల్ 164 అలాగే ఉంది. పోర్ ప్రెషర్ మాత్రం 11 × 9.81 = 107.91. ఎఫెక్టివ్ 56.09. అడ్డదారిన పోయినవాళ్లకు ఇక్కడ కూడా 95.33 అనే వస్తుంది, ఎందుకంటే ఆ సూత్రంలో పైపులో నీరు ఎంత లేచిందని అడిగే చోటే లేదు. బంకమట్టి పై అంచున ఎఫెక్టివ్ 54.38, ఐదు మీటర్ల కింద 56.09. అంటే బంకమట్టి పొర మొత్తంలో పెరిగింది రెండు కిలోపాస్కల్ కూడా లేదు. కింది నుంచి పైకి ఊరే నీరు మట్టిని దాదాపు పూర్తిగా మోస్తోంది. నీటి మట్టాల తేడా 4 మీటర్లు, పొర మందం 5 మీటర్లు, మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే వచ్చే గ్రేడియంట్ 0.8. మట్టి పూర్తిగా తేలిపోయే గ్రేడియంట్ 8.19 ÷ 9.81 = 0.83. అంచున ఉన్నాం.

ఇప్పుడు అక్కడ తవ్వకం. పై 4 మీటర్ల ఇసుకా తీసేసి బంకమట్టి మీద నిలబడితే, గులక ఇసుకను కప్పి ఉంచే బరువు 5 × 18 = 90. కింది నుంచి నెట్టేది 107.91. గుంత అడుగు ఉబ్బి పగిలి, పగుళ్లలోంచి నీరూ ఇసుకా ఎగజిమ్ముతాయి. గుంతలో నీళ్లు తోడేసే పంపులు దీన్ని ఆపలేవు. అడుగు పొరలోకే బావులు దింపి అక్కడి ఒత్తిడి తగ్గించాలి, అదీ తవ్వకం మొదలుపెట్టక ముందే.

ఆర్టీసియన్ లేకపోయినా ఈ ముప్పు ఉంది. మొదటి ఉదాహరణలోని నిలకడ నీటితోనే 4 మీటర్లు తవ్వితే నిష్పత్తి 90 ÷ 68.67 = 1.31. పర్వాలేదనిపిస్తుంది. ఇంకొక్క మీటరు, 5 మీటర్లకు దిగితే 72 ÷ 68.67 = 1.05. లిఫ్ట్ గుంత కోసం మూలన ఒక మీటరు లోతుగా తవ్వే చోట ఈ లెక్క విడిగా వేయాలి. నేలమాళిగ లోతుకు వేసింది దానికి చాలదు.

దీనికి ఎదురు పరిస్థితి అడుగు పొరలోంచి బోర్లతో నీరు లాగడం. గులక ఇసుకలో నీటి ఎత్తు నేల మట్టానికి 7 మీటర్ల కిందికి పడితే 9 మీటర్ల దగ్గర పోర్ ప్రెషర్ 19.62 మాత్రమే, ఎఫెక్టివ్ 144.38. పై నీటిమట్టం అంగుళం కదలకపోయినా బంకమట్టి అడుగున 49 కిలోపాస్కల్ భారం పెరిగింది. నీరు పైనుంచి కిందికి ఊరుతూ మట్టిని బిగిస్తుంది. మెక్సికో సిటీ పలు మీటర్లు కుంగింది ఇలా అడుగు పొరల నీరు తోడటం వల్లే.

నీటిమట్టం ఎలా కొలిచారో అడగండి

ఇన్ని లెక్కల్లో అన్నిటికంటే నమ్మరాని అంకె యూనిట్ వెయిట్ కాదు, నీటి లోతు. యూనిట్ వెయిట్ ఒకటి అటూ ఇటూ అయితే 5 మీటర్ల పొరలో 5 కిలోపాస్కల్ తేడా. నీటి లోతు 3 మీటర్లు తప్పితే పోర్ ప్రెషర్ దాదాపు 30 తేడా.

బోర్ లాగ్‌లో (బోరు తవ్వినప్పటి రికార్డులో) నీటి లోతు అని ఒక అంకె ఉంటుంది. అది తవ్విన గంటకు తీసిందైతే బంకమట్టిలో దానికి విలువ లేదు. బోరులోకి నీరు ఊరి నిలకడకు రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తవ్వేటప్పుడు నీళ్లో బెంటోనైట్ (నీటిలో ఉబ్బే బంకమట్టి) మడ్డో పోసి ఉంటే కనిపించేది ఆ పోసిన నీరే కావచ్చు. బోరు రెండు నీటి పొరల్నీ దాటి ఉంటే అందులోని మట్టం ఏ పొరదీ కాదు, రెండూ కలిసిన రాజీ. పైపొరలో బంకమట్టి ముక్క మీద వాన నీరు నిలిచి ఉండి, దాని కింద ఇసుక ఇంకా పొడిగానే ఉండొచ్చు. ఆ నిలిచిన నీటి నుంచి కిందంతా 9.81 చొప్పున వేసుకుంటూ పోతే లేని పోర్ ప్రెషర్ వస్తుంది. అందుకే ప్రతి ముఖ్యమైన పొరలో ఒక పీజోమీటర్ (ఆ ఒక్క పొర నీటి ఒత్తిడినే కొలిచే పైపు), దాని మొన చుట్టూ ఇసుక, పైన బెంటోనైట్ సీలు ఉండాలి. సీలు సరిగ్గా పడకపోతే అది ఇంకో తెరిచిన బోరుతో సమానం. వేసవిలో ఒకసారి, వానాకాలం చివర ఒకసారి చదివితే గానీ ఏ మట్టానికి డిజైన్ చేయాలో తెలియదు.

నీటిమట్టానికి పైన

పైన పోర్ ప్రెషర్ సున్నా అన్నాం. అది సర్దుబాటు. సన్న రేణువుల మట్టి కేశనాళిక చర్యతో నీటిని పైకి లాగుతుంది, ఆ నీటిలో ఒత్తిడి రుణాత్మకం. మన ఇసుకలో నీటిమట్టానికి పైన అర మీటరు దాకా పూర్తిగా నిండి ఉందనుకుంటే 1.5 మీటర్ల లోతున పోర్ ప్రెషర్ −4.9, టోటల్ 25.5, ఎఫెక్టివ్ 30.4. ఆ అర మీటరుకు యూనిట్ వెయిట్ 20 వేయాలి కాబట్టి కింది పొరలన్నిటికీ టోటల్ 1.5 పెరుగుతుంది. గరుకు ఇసుకలో ఈ ఎత్తు కొన్ని సెంటీమీటర్లే, వదిలేయొచ్చు. బంకమట్టిలో మీటర్ల కొద్దీ. మట్టి సగం నిండి సగం గాలితో ఉన్నచోట ఈ రుణ ఒత్తిడి పూర్తిగా లెక్కలోకి రాదు, తడిసిన పాళ్లను బట్టి కొంతే వస్తుంది.

ఈ అదనపు బిగింపును డిజైన్‌లో నమ్ముకోవడం మంచిది కాదు. గట్టి వాన పడితే పోతుంది. ఎండలో నిలువుగా నిలిచిన కోత గట్టు వానకు జారిపోవడంలో దీని పాత్ర పెద్దదే. వదిలేస్తే లెక్క భద్రం వైపే ఉంటుంది.

పైన భారం వేస్తే, ఏ రోజు లెక్క అది

స్థలమంతా 2 మీటర్ల మెరక పోశారు, యూనిట్ వెయిట్ 19. విశాలమైన భారం కాబట్టి 38 కిలోపాస్కల్ తగ్గకుండా లోతు దాకా దిగుతుంది. ఇసుకలో ఎఫెక్టివ్ వెంటనే 38 పెరుగుతుంది. బంకమట్టి మధ్యలో, 6.5 మీటర్ల దగ్గర, మెరకకు ముందు టోటల్ 119, పోర్ ప్రెషర్ 44.15, ఎఫెక్టివ్ 74.85. మెరక పోసిన రోజు టోటల్ 157. నీరు బయటికి పోలేదు కాబట్టి పోర్ ప్రెషర్ 82.15, ఎఫెక్టివ్ అదే 74.85. భారం పెరిగింది, బలం ఒక్క పిసరు పెరగలేదు. కట్టలు, మెరకలు పోస్తుండగానో పోసిన కొత్తలోనో జారిపోయేది ఇందుకే. నీరంతా ఊరిపోయాక ఎఫెక్టివ్ 112.85కు చేరుతుంది.

ఎప్పటికి చేరుతుంది? కన్సాలిడేషన్ గుణకం (నీరు ఊరిపోతూ మట్టి ఎంత వేగంగా కుదురుకుంటుందో చెప్పేది) ఏడాదికి ఒక చదరపు మీటరు అయితే, ఇలా పైనా కిందా ఇసుక ఉన్నప్పుడు నీరు నడవాల్సిన దూరం 2.5 మీటర్లు, 90 శాతం కుదురుకోవడానికి సిద్ధాంతం ఇచ్చే అంకె 0.848ను ఆ దూరపు వర్గంతో గుణించాలి: 0.848 × 6.25, అంటే 5.3 ఏళ్లు. కింద ఇసుక బదులు రాయి ఉండి ఒకవైపే దారి ఉంటే 21 ఏళ్లు.

చిన్న ఫుటింగ్ (స్తంభం కింది పునాది దిమ్మ) భారం మాత్రం లోతుకు పోతున్నకొద్దీ విస్తరించి పలచబడుతుంది. 3 × 3 మీటర్ల ఫుటింగ్ మీద 100 కిలోపాస్కల్ ఉంటే, రెండుకు ఒకటి వాలున (రెండు మీటర్లు దిగితే ప్రతి పక్కకూ ఒక మీటరు) పరుచుకుంటుందనుకుని చూస్తే దాని కింద 3 మీటర్లకు 25 మాత్రమే. సరైన లెక్కకు, పైభారం ఏ లోతున ఎంత చేరుతుందో చెప్పే బూసినెస్క్ సూత్రాలున్నాయి. వాటితో వచ్చేది పెరుగుదల మాత్రమే. దాన్ని మట్టి సొంత బరువుకు కలపాలి, బదులుగా వాడకూడదు.

ఈ అంకె ఎక్కడికి వెళ్తుంది

గోడల మీద పక్క ఒత్తిడి కట్టేటప్పుడు, నిలువు స్ట్రెస్‌లో ఎంత వంతు పక్కకు నెడుతుందో చెప్పే గుణకాన్ని ఎఫెక్టివ్‌కు వేసి, నీటి ఒత్తిడిని ఆపైన పూర్తిగా కలపాలి. నీరు అన్ని వైపులా ఒకేలా నెడుతుంది, దానికి ఆ గుణకం వర్తించదు.

ఎస్‌పీటీ (బోరులో సుత్తి దెబ్బలతో గొట్టం దింపి నేల గట్టిదనం చూసే పరీక్ష) దెబ్బలను సరిచేసే గుణకం, మామూలుగా వాడే రూపంలో, 100ను ఎఫెక్టివ్ స్ట్రెస్‌తో భాగించి తీసిన వర్గమూలం. 9 మీటర్ల దగ్గర అది 1.02. పొరపాటున టోటల్ వేస్తే 0.78, గట్టి ఇసుక కాగితం మీద మెత్తబడుతుంది.

భూకంపంలో ఇసుక నీళ్లలా మారిపోయే ముప్పు లెక్కలో టోటల్, ఎఫెక్టివ్ రెండూ నిష్పత్తిగా వస్తాయి, కాబట్టి నీటి లోతు రెండువైపులా కోస్తుంది. మన ఇసుక పొర అడుగున, 4 మీటర్ల దగ్గర, నీరు 2 మీటర్ల లోతున ఉంటే నిష్పత్తి 74 ÷ 54.38 = 1.36. నీరు నేల మట్టానికి వస్తే 80 ÷ 40.76 = 1.96. అదే భూకంపం, అదే ఇసుక. వేసవి నీటిమట్టం బదులు వానాకాలపు మట్టం వేస్తే ఎఫెక్టివ్ స్ట్రెస్‌తో పోల్చి చూసినప్పుడు ఇసుక మీద పడే కుదుపు భారం 44 శాతం ఎక్కువ.